రీసైకిల్డ్ పాలియెస్టర్ నేతగుడ్డ: ఆర్డరులో ఆ ఒక్క మాట రాస్తే సరిపోదు

చెన్నైలో అంబత్తూరు, గిండీ, శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీలకు యూనిఫాంలు, బ్యాగులు, మెషిన్ కవర్లు సప్లై చేసే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఈమధ్య వాళ్లకు కంపెనీల నుంచి వచ్చే ఎంక్వయిరీల్లో ఒక లైను తరచుగా కనబడుతోంది: "గుడ్డ రీసైకిల్డ్ పాలియెస్టర్ అయి ఉండాలి." చాలాసార్లు ఇంకేమీ ఉండదు. డెనియర్ (పోగు లావు) ఎంతో, జీఎస్‌ఎం (చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములో) ఎంతో, కోటింగ్ ఏమిటో, ఎండలో వాడతారో నీడలో వాడతారో చెప్పరు. పెళ్లివారు "బండి పంపండి" అని ఫోన్ పెట్టేసినట్టు ఉంటుంది. ఎంతమందో, ఏ ఊరికో మనమే ఊహించుకోవాలి.

రీసైకిల్డ్ అన్నది ముడిసరుకు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే మాట. ఆ గుడ్డ ఎంత బరువు మోస్తుందో, ఎన్ని ఉతుకులకు ఆగుతుందో, ఎండకు ఎప్పుడు వెలిసిపోతుందో తేల్చేవి యార్న్, నేత, ఫినిషింగ్. అందుకే గుడ్డ ఎంచుకోవాలంటే ముందు అడగాల్సింది ఇది: మన వాడకంలో ఈ గుడ్డ చివరికి దేనివల్ల పాడవుతుంది? రాపిడివల్లా, చిరుగువల్లా, ఎండవల్లా, తేమవల్లా, వేడివల్లా, రసాయనంవల్లా? ఇది తేలితే ఎలాంటి గుడ్డ కావాలో దాదాపు తేలిపోయినట్టే. అందులో రీసైకిల్డ్ దొరుకుతుందా, దొరికితే కాగితాలేవి అన్నది ఆ తర్వాతి ప్రశ్న. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు రీసైకిల్డ్ అని తీర్మానించి, దొరికిన గుడ్డతో సర్దుకుంటారు.

బాటిల్ నుంచి చొక్కా సులువు, స్లింగు కష్టం

1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయనవేత్తలు పెట్ అనే పాలిమర్ నుంచి పోగు తీశారు. మనం తాగి పారేసే నీళ్ల బాటిలూ అదే పెట్, చొక్కాలోని పాలియెస్టరూ అదే పెట్. తేడా ముఖ్యంగా పాలిమర్ గొలుసుల పొడవులో ఉంది. ఆ పొడవుకు కొలతగా మిల్లులవాళ్లు ఐవీ అనే అంకె వాడతారు. మామూలు బట్టల యార్న్‌కు అది 0.62, 0.65 ప్రాంతంలో ఉంటే చాలు. బాటిల్‌కు 0.72 నుంచి 0.84 దాకా కావాలి. కన్వేయర్ బెల్టుల్లో, బరువులెత్తే పట్టీలైన స్లింగుల్లో వాడే హై టెనాసిటీ (బాగా బలమైన) యార్న్‌కు 0.9 దాటాలి.

ఇప్పుడు బాటిల్ ప్రయాణం చూడండి. ఏరి తెచ్చిన బాటిళ్లను ముక్కలు చేస్తారు, వీటినే ఫ్లేక్స్ అంటారు. ఆ ముక్కల్ని నీళ్ల తొట్టిలో వేస్తే మూతల ముక్కలు పైకి తేలతాయి, పెట్ ముక్కలు అడుగుకు దిగుతాయి. పెట్ సాంద్రత 1.38, మూత ప్లాస్టిక్‌ది ఒకటికన్నా తక్కువ. పని ఇంత తేలిగ్గా జరగడం వల్లే ఈ పరిశ్రమ నిలబడింది. తర్వాత వేడి కాస్టిక్ నీళ్లతో జిగురు, మురికి కడిగి, బాగా ఆరబెట్టి, కరిగించి, జల్లెడ పట్టి చిప్స్ చేస్తారు. ఆరబెట్టడంలో తేమ మిగిలితే, కరిగించేటప్పుడు ఆ తేమే గొలుసుల్ని తెంచేస్తుంది. పీవీసీ లేబుల్ ముక్క ఒకటి కలిసినా అది మాడి నల్లటి చుక్కలు చేస్తుంది, సన్నటి యార్న్ తీసేటప్పుడు అక్కడే పోగు తెగుతుంది.

ఎంత జాగ్రత్తగా చేసినా కరిగించిన ప్రతిసారీ ఐవీ కొంత పడిపోతుంది. బాటిల్ గ్రేడు అలా దిగితే సరిగ్గా బట్టల గ్రేడుకు చేరుతుంది. బాటిల్ చొక్కాగా మారడం ఇంత తేలిక కావడానికి కారణం ఇదే. అక్కడినుంచి 0.9కి ఎక్కించాలంటే చిప్స్‌ను కరగనివ్వకుండా గంటల తరబడి వేడిచేసే మరో దశ కావాలి, దానికి ఖర్చుంది. అందువల్ల యూనిఫాం, బ్యాగు, కుర్చీ గుడ్డ, కర్టెన్ లాంటివాటిలో రీసైకిల్డ్ గుడ్డ బలంలో కొత్త పాలియెస్టర్‌కు ఏమాత్రం తీసిపోదు. బరువు మోసే సరుకులో మాత్రం తయారీదారు చేతిరాతతో రాసిచ్చినా నమ్మకూడదు, టెస్ట్ రిపోర్ట్ ఉండాల్సిందే. క్రేన్ కింద కట్టే పాలియెస్టర్ స్లింగుకు నీలం లేబుల్ కుట్టి ఉంటుంది, 7 రెట్ల సేఫ్టీ ఫ్యాక్టర్ పెట్టి లెక్కకడతారు. పర్యావరణం పేరు చెప్పి ప్రయోగాలు చేయదగిన చోటు అది కాదు.

గుడ్డను రసాయనికంగా విడగొట్టి, మళ్లీ మొదటినుంచి పాలిమర్ కట్టే పద్ధతీ ఉంది. దాంతో కొత్తదానికి సమానమైన నాణ్యతే వస్తుంది. ఖరీదు ఎక్కువ కాబట్టి మనం మాట్లాడుకుంటున్న ఆర్డర్లలో అది ఇంకా అరుదు.

600 డి అంటే ఏ 600?

యార్న్‌లో రెండు రకాలు. ఫిలమెంట్ అంటే ఎడతెగని పోగు. స్పన్ అంటే పాలియెస్టర్‌ను పొట్టి పీచుగా కోసి పత్తిలా వడికింది. స్పన్ గుడ్డ చేతికి మెత్తగా ఉంటుంది, కానీ రాపిడికి ఉండలు కడుతుంది. నూలు గుడ్డ మీద ఉండ కట్టినా కొన్నాళ్లకు ఊడిపోతుంది. పాలియెస్టర్ పీచు గట్టిది కావడంతో ఉండను వదలదు, చొక్కా కాలరు మీద ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. బ్యాగులకు, కవర్లకు ఫిలమెంటే తీసుకోవాలి.

బ్యాగుల వ్యాపారంలో అందరి నోటా వినబడేది "600 డి". 9,000 మీటర్ల యార్న్ 600 గ్రాములు తూగితే అది 600 డెనియర్. అయితే పడుగులో 300, పేకలో 600 వేసి నేసిన గుడ్డనూ 600 డి అనే అమ్ముతారు. రెండువైపులా 600 ఉన్నా, అంగుళానికి పోగులు తగ్గించి వదులుగా నేసి, వెనక కోటింగ్‌తో ఆ ఖాళీలు పూడ్చేవాళ్లూ ఉన్నారు. చేత్తో పట్టుకుంటే బరువుగా, బిగుతుగానే తోస్తుంది. కోటింగ్ లేని వైపు తిప్పి పిక్ గ్లాస్ పెట్టి, అంగుళంలో పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని అని సూదిమొనతో లెక్కపెడితే రెండు నిమిషాల్లో సంగతి తెలిసిపోతుంది. సౌకార్‌పేట గోడౌన్ స్ట్రీట్‌లో హోల్‌సేల్ కొట్టు నడిపేవాళ్ల దగ్గర ఆ చిన్న మడత భూతద్దం ఉండకపోదు. లేదంటే అడిగి చూడండి, మీరు లెక్కపెట్టే మనిషని తెలిస్తే మాట్లాడే తీరే మారుతుంది.

రెండో సాధనం జీఎస్‌ఎం కట్టర్. గుడ్డ మీద పెట్టి తిప్పితే 100 చదరపు సెంటీమీటర్ల గుండ్రటి ముక్క కోస్తుంది. దాన్ని తూచి వందతో హెచ్చిస్తే జీఎస్‌ఎం. 2.2 గ్రాములు తూగితే 220. తానులో ఒక్కచోట కోస్తే లాభం లేదు, రెండు అంచుల దగ్గరా, మధ్యలో ఒకచోటా కోయండి. పన్నా అంతటా కోటింగ్ సమంగా పడిందో లేదో అక్కడే బయటపడుతుంది.

ఈ కోటింగే రీసైకిల్డ్ శాతాన్ని కూడా మార్చేస్తుంది. 200 జీఎస్‌ఎం నేతగుడ్డ పూర్తిగా రీసైకిల్డ్ అనుకుందాం. దానికి 150 జీఎస్‌ఎం పీవీసీ పూస్తే మొత్తం 350, అందులో రీసైకిల్డ్ 57 శాతం. పీవీసీ 250 అయితే మొత్తం 450, రీసైకిల్డ్ 44 శాతానికి పడిపోతుంది. బ్రోషర్ మీద మాత్రం రెండింటికీ "100% రీసైకిల్డ్" అనే ఉంటుంది. అడుగు గుడ్డ వరకు అది నిజమే కాబట్టి అబద్ధమని తోసిపుచ్చలేం. బ్యాగుకు ఇన్ని బాటిళ్లు అనే లెక్క కూడా ఇలాంటిదే. లీటరు బాటిల్ కంపెనీని బట్టి బరువు మారుతుంది, కూల్‌డ్రింక్ బాటిల్ ఇంకా మందం. మొత్తం బరువులో ఎంత శాతమో అడగండి, బాటిళ్ల లెక్క ప్రచారానికి వదిలేయండి.

నేత సంగతికొస్తే, నేత బిగిస్తే చిరగదనుకుంటారు కానీ అది పూర్తిగా నిజం కాదు. గుడ్డ చిరిగేటప్పుడు పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. ఏటవాలు గీతలు కనిపించే ట్విల్ నేతలో, రెండేసి పోగులు జంటగా నడిచే మ్యాటీలో పోగులకు కాస్త కదిలే చోటుంటుంది. చిరుగు మొన దగ్గర అవి గుంపుగా చేరి భారం పంచుకుంటాయి. సాదా నేత బిగుతుగా నేసి పైన గట్టి కోటింగ్ పూస్తే పోగులు కదలలేవు, ఒక్కొక్కటే ఒంటరిగా తెగుతుంది. లాగుడు బలం బాగున్న టార్పాలిన్ కూడా చిన్న గాటు పడ్డాక సర్రున చిరిగిపోవడానికి ఇది పెద్ద కారణం. రిప్‌స్టాప్ నేతలో మధ్యమధ్య లావు పోగులు గడులుగా వేసేది ఆ చిరుగును ఆపడానికే. అందుకే రిపోర్ట్‌లో లాగుడు బలం ఒక్కటే చూడకుండా చిరుగు బలం వేరుగా అడగాలి.

ఫ్యాక్టరీ యూనిఫాంలలో గుడ్డ చిరగడంకన్నా కుట్టు దగ్గర పోగులు జరిగి నోరు తెరుచుకోవడం ఎక్కువ. నున్నటి ఫిలమెంట్, వదులు నేత కలిస్తే ఇది ఖాయం. దీనికి సీమ్ స్లిపేజ్ అని ప్రత్యేక పరీక్ష ఉంది. కుర్చీ గుడ్డకైతే మార్టిండేల్ రాపిడి పరీక్ష చూడాలి. బాగా వాడే ఆఫీసు కుర్చీలకు 30,000 నుంచి 40,000 రుద్దుళ్లు అడగడం మామూలే. కోయంబత్తూరులో 1956 నుంచి పనిచేస్తున్న జౌళి పరిశోధన సంస్థ సిట్రా లాంటి చోట ఈ పరీక్షలన్నీ చేస్తారు. వేల మీటర్ల ఆర్డరు మీద ఆ ఫీజు ఎంతో కాదు.

చెన్నై గాలి గుడ్డకు పెట్టే పరీక్ష

ఇక్కడి ఉక్క మనుషులకే కాదు, కోటింగులకూ పడదు. పీయూ (పాలీయురెథేన్) కోటింగ్‌లో చౌక రకం వేడికీ తేమకూ నెమ్మదిగా విరిగిపోతుంది. బీరువాలో మూసిపెట్టిన బ్యాగు తీస్తే లోపలి పొర చేతికి బంకలా అంటుకోవడం చాలామంది చూసే ఉంటారు. పాలియెస్టర్ గుడ్డకు ఏమీ కాదు, పోయేది పూతే. సముద్రగాలి తగిలే చోట, ఈశాన్య రుతుపవనాల కాలంలో నెలల తరబడి గోడౌన్‌లో ఉండే సరుకుకు పాలీఈథర్ రకం పీయూ అడగాలి, ఆ రకమేనని సప్లయర్ చేత రాయించుకోవాలి. పీవీసీ పూత వాన బాగా ఆపుతుంది, ధరా తక్కువ. కానీ పీవీసీ పూసిన పాలియెస్టర్‌ను మళ్లీ రీసైకిల్ చేయడం దాదాపు జరగని పని. రీసైకిల్డ్ గుడ్డ కావాలని పట్టుబట్టి దానికి పీవీసీ పూయించే కంపెనీలను చూస్తే నాకు నవ్వొస్తుంది.

యూనిఫాం విషయంలో నా అభిప్రాయం కచ్చితమైనది: చెన్నై షాప్‌ఫ్లోర్‌లో నూరు శాతం పాలియెస్టర్ చొక్కా వేయించకండి. పాలియెస్టర్ గాలిలోని తేమను పీల్చేది 0.4 శాతమే, నూలు 8 శాతం దాకా పీలుస్తుంది. మే నెలలో ఆ తేడా వీపు మీద తెలుస్తుంది. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో జరిగిన ఇండియా ఎనర్జీ వీక్‌లో ఇండియన్ ఆయిల్ విడుదల చేసిన యూనిఫాంలు కూడా రీసైకిల్డ్ పాలియెస్టర్, నూలు కలిపినవే. ఒక్కో జతకు సుమారు 28 బాటిళ్లని అప్పట్లో ప్రకటించారు. అదే సభలో ప్రధాని మోదీకి ఇచ్చి, తర్వాత ఆయన పార్లమెంటులో వేసుకున్న నీలం జాకెట్ గుడ్డ తమిళనాడులోని కరూరు నుంచే వెళ్లింది. అయితే నూలు కలిపితే మళ్లీ విడదీయడం కష్టం. సౌకర్యానికీ మళ్లీ రీసైకిల్ చేయడానికీ పొసగదు, ఒంటి మీద వేసుకునేదానికి నేను సౌకర్యం వైపే ఉంటాను.

ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల లెక్క వేరు. శ్రీపెరుంబుదూరు వైపు అసెంబ్లీ లైన్లలో వేసుకునే కోట్లను దగ్గరగా చూస్తే సన్నటి ముదురు గీతలు గడులుగా కనిపిస్తాయి. అవి డిజైన్ కావు, కార్బన్ పోగులు. పాలియెస్టర్‌లో పుట్టే స్టాటిక్ కరెంటు వాటి గుండా జారిపోతుంది. మిగతా పాలియెస్టర్ రీసైకిల్డ్ అయినా ఫరవాలేదు, ఆ గడి తెగకుండా ఉండటమే ముఖ్యం.

రంగు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. బాటిల్ చిప్స్‌కు కొంచెం పసుపు, కొన్నిసార్లు ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. ముదురు రంగుల్లో తెలియదు, తెలుపులో, లేత నీలంలో తెలుస్తుంది. పైగా ఒక లాట్ చిప్స్‌కూ ఇంకో లాట్‌కూ రంగు పీల్చుకునే గుణం కాస్త తేడా ఉంటుంది. రెండు లాట్ల యార్న్ ఒకే పేకలో కలిస్తే నేసేటప్పుడు ఏమీ కనిపించదు. 130 డిగ్రీల దగ్గర డిస్పర్స్ డై (పాలియెస్టర్‌కు వేసే రంగు) వేసి బయటికి తీశాక అడ్డంగా పట్టీలు పట్టీలుగా బయటపడుతుంది. అప్పటికి గుడ్డ మనదై ఉంటుంది. కాబట్టి ఆర్డరులో ఒకే లాట్ యార్న్ అని రాయించండి, కుట్టేవాళ్లకు ఏ తాను చొక్కా ముందుభాగానికి వాడారో అదే తాను చేతులకూ వాడమని చెప్పండి. నలుపు, నేవీ, బూడిద రంగులైతే డోప్ డైడ్ యార్న్ అడగడం మేలు. కరిగిన పాలిమర్‌లోనే రంగు కలిపేస్తారు కాబట్టి ఎండకు బాగా ఆగుతుంది, డైయింగ్ నీళ్లూ ఉండవు.

ఎర్ర పాలియెస్టర్ మీద తెల్ల లోగో వేయిస్తున్నారా? డిస్పర్స్ డై వేడికి ఆవిరై కదులుతుంది. హీట్ ప్రెస్ కింద బాగానే ఉన్న తెలుపు కొన్నాళ్లకు గులాబీ రంగుకు తిరుగుతుంది. దీనికి రంగు పైకి రాకుండా అడ్డే బ్లాకర్ పొర, తక్కువ వేడికి అంటుకునే ఇంకు ఉన్నాయి. ఎంబ్రాయిడరీ చేయిస్తే అసలు సమస్యే లేదు.

పాలియెస్టర్‌నే పెట్టకూడని చోట్లు కొన్ని ఉన్నాయి, రీసైకిల్డా కొత్తదా అన్న ప్రశ్న అక్కడ రాదు. వెల్డింగ్ చేసేవాళ్ల బట్టలు: పాలియెస్టర్ 250 డిగ్రీలు దాటితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. బాయిలర్ దగ్గర వేడి, తడి కలిసిన పొగకు పెట్టే ఫిల్టర్ బ్యాగులు: పొడి గాలిలో 130 డిగ్రీల దాకా తట్టుకునే పోగు, ఆవిరి కలిస్తే చాలా ముందే పెళుసెక్కుతుంది. పల్లావరం, క్రోంపేట వైపు తోళ్ల పరిశ్రమలో సున్నం వాడే నీళ్లను వడగట్టే ఫిల్టర్ ప్రెస్ గుడ్డ: క్షారం పాలియెస్టర్‌ను తినేస్తుంది, అక్కడ పాలీప్రొపిలీనే సరి. బండ్ల సీట్లకైతే ఐఎస్ 15061 మంట పరీక్ష దాటిన రిపోర్ట్ లేకుండా శాంపిల్ కూడా పంపొద్దు.

కాగితాలు

"హండ్రెడ్ పర్సెంట్ రీసైకిల్డేనండీ, జీఆర్‌ఎస్ ఉంది" అని సప్లయర్ అంటారు. జీఆర్‌ఎస్ అంటే గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్, సరుకులో రీసైకిల్డ్ ఎంతో ధ్రువీకరించే ప్రమాణం. "సర్టిఫికెట్ పంపండి" అంటే వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వస్తుంది. చూసి తృప్తిపడకండి. వచ్చింది స్కోప్ సర్టిఫికెట్ అయితే, ఆ మిల్లుకు రీసైకిల్డ్ సరుకు చేసే అర్హత ఉందని మాత్రమే అర్థం. అది ఏడాదికి ఇస్తారు. ఆ మిల్లే పక్క మగ్గం మీద మామూలు పాలియెస్టర్ కూడా నేస్తుంటుంది. మీ చేతికొచ్చిన తానులు ఆ లెక్కలోవని చెప్పేది ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్. అందులో అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు, ఇన్వాయిస్ నంబర్, బరువు ఉంటాయి. మీ ఇన్వాయిస్‌లోని మీటర్లను పన్నాతో, జీఎస్‌ఎంతో హెచ్చిస్తే వచ్చే బరువుతో దాన్ని సరిచూడండి. ఆర్డరు ఇచ్చేటప్పుడే ఇది కావాలని చెప్పాలి, సరుకు వెళ్లిపోయాక అడిగితే చాలాసార్లు రాదు. మధ్యలో సర్టిఫికెట్ లేని వ్యాపారి చేతికి సరుకు వెళ్లినా ఆ గొలుసు తెగిపోవచ్చు, కాబట్టి ఎవరి పేర కొంటున్నామో ముందే చూసుకోవాలి.

జీఆర్‌ఎస్ కిందికి రావడానికి కనీసం 20 శాతం రీసైకిల్డ్ ఉంటే చాలు, సరుకు మీద లోగో వేసుకోవాలంటే 50 శాతం కావాలి. పైన లెక్కవేసిన, పీవీసీ పూసిన 44 శాతం గుడ్డ ఆ లోగోకు పనికిరాదు. ఆర్‌సీఎస్ అనే ఇంకో ప్రమాణం 5 శాతం నుంచే మొదలవుతుంది. అందుకని సర్టిఫికెట్ పేరు కన్నా అందులో రాసిన శాతం చూడండి.

గుడ్డను ల్యాబ్‌కు పంపి రీసైకిల్డో కాదో తేల్చమంటే కుదరదా అని అడుగుతారు. నిక్కచ్చిగా కుదరదు, రెండూ ఒకే పాలిమర్ కదా. ఒక ఆనవాలు మాత్రం ఉంది. బాటిల్ గ్రేడులో ఐసోథాలిక్ యాసిడ్ రెండు శాతం ప్రాంతంలో కలుపుతారు, బట్టల గ్రేడులో మామూలుగా కలపరు. గుడ్డలో అది కనబడితే బాటిల్ నుంచి వచ్చి ఉంటుందని అనుమానించవచ్చు. ఎంత శాతమో అది చెప్పలేదు. కాగితాల మీద అనుమానం వచ్చినప్పుడు ఇంకో సాక్ష్యంగా వాడుకోవచ్చు.

ఒక చిన్న హెచ్చరిక. "ఆర్‌పెట్ (రీసైకిల్డ్ పెట్) బ్యాగ్" పేరుతో మార్కెట్లో తిరిగేవాటిలో చాలావాటిది నేతగుడ్డే కాదు, పీచును పరిచి దారంతో కుట్టిన స్టిచ్‌బాండ్. పంచిపెట్టే బ్యాగులకు అది సరిపోతుంది. పది కిలోల టూల్స్ మోయాలంటే పడుగు, పేక ఉన్న గుడ్డే కావాలి. సిమెంటు, బియ్యం సంచుల నేత కూడా పాలియెస్టర్ కాదు, పాలీప్రొపిలీన్.

ధర ఎటు పోతుంది

దిళ్లలో కూరే రీసైకిల్డ్ పీచు మన దేశంలో ఎప్పటినుంచో ఉంది, అది కొత్తదానికన్నా చౌక. సర్టిఫికెట్ ఉన్న రీసైకిల్డ్ ఫిలమెంట్ సాధారణంగా కొత్తదానికన్నా ఖరీదు. ఎందుకు తేడా అంటే, సన్నటి ఎడతెగని పోగుకు శుభ్రమైన ఫ్లేక్స్ కావాలి, వాటికి ఇప్పుడు పోటీ పెరిగింది. కేంద్రం 2022లో ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు సవరించి, బాటిళ్ల లాంటి గట్టి ప్యాకేజింగ్‌లో 2025-26 నుంచి 30 శాతం రీసైకిల్డ్ ప్లాస్టిక్ ఉండాలని, అది ఏటా పెరిగి 2028-29కి 60 శాతానికి చేరాలని లక్ష్యం పెట్టింది. అంటే ఇన్నాళ్లూ బట్టల మిల్లులకు వెళ్లిన శుభ్రమైన ఫ్లేక్స్‌ను ఇప్పుడు బాటిల్ కంపెనీలు కూడా అడుగుతాయి. న్యాయంగా చూసినా బాటిల్ మళ్లీ బాటిలైతే ఇంకోసారి తిరిగి వస్తుంది, చొక్కా అయితే చాలామటుకు చెత్తకే పోతుంది. బట్టలవాళ్లకు ఇది వినడానికి ఇబ్బందిగానే ఉంటుంది.

కొనేవాళ్లకు దీనివల్ల వచ్చే పని ఒకటుంది. ఏడాది కాంట్రాక్టు రాసుకునేటప్పుడు రీసైకిల్డ్ ఫిలమెంట్ ధర ఎంత పెరిగితే రేటు మారుతుందో, దొరకకపోతే ఏం చేస్తారో ముందే రాయండి. సప్లయర్ చెప్పకుండా మామూలు యార్న్ కలిపేసే అవకాశం ఎక్కువగా ఉండేది ధర పెరిగిన నెలల్లోనే. కాబట్టి ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ ఏడాది చివర ఒకేసారి కాకుండా ప్రతి డెలివరీకీ వచ్చేలా, అది అందాకే చివరి పది శాతం బిల్లు చెల్లించేలా షరతు పెట్టుకోండి.